ఆకురాయి కొరికిన గిటార్లు

ఆయన్ని వీధిలో అందరూ ఆకురాయి అనేవారు. చేతిలో ఎప్పుడూ సన్నటి ఆకురాయి ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు, నోరు అలాంటిది కాబట్టి వచ్చిందని కొందరు. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు మొదటి మాట చెప్పేవారు. చేయించుకుని గుమ్మం దిగాక రెండోది చెప్పేవారు.

గిటార్లు బాగుచేసే దుకాణం అది. రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. ముందు గల్లాబల్ల, రెండు గోడలకూ మెడలు పట్టి వేలాడదీసిన గిటార్లు, చివర కిటికీ కింద పనిబల్ల. బల్ల మీద వంగిన దీపం ఒకటి, ముక్కల్ని బిగించి పట్టే చిన్న వైస్ ఒకటి, మూత పోయిన పౌడరు డబ్బా నిండా తెల్లటి ఎముక పొడి. ఎముకను ఆకురాయితో రుద్దినప్పుడు జుట్టు కాలిన వాసన వస్తుంది. ఆ దుకాణంలో అరగంట కూర్చుని ఇంటికి పోతే ఇంట్లోవాళ్ళు ఎక్కడికెళ్ళావని అడగక్కర్లేదు.

దుకాణం ఆకురాయిది కాదు, మామగారిది. పనివాడిగా చేరి, ఆయన కూతుర్ని చేసుకున్నాడు. మామగారు పోయాక అది ఆ కూతురిదీ, ఆవిడ తమ్ముడిదీ అయింది. ఆకురాయిది పనిబల్ల ఒక్కటే. అదీ ఎవరూ రాసిచ్చింది కాదు. "చెయ్యి ఎవరిది బాగుంటే బల్ల వాళ్ళది" అని మామగారు పోతూ పోతూ అన్న మాటొక్కటే దానికి పట్టా. ఆ మాట పట్టుకుని ఆకురాయి ఇన్నేళ్ళూ బావమరిదిని గల్లాబల్ల దాటి రానివ్వలేదు.

బావమరిది చేతకానివాడేం కాదు. తండ్రి దగ్గర సగం పని నేర్చినవాడే. ఒకసారి కష్టపడి ఒక నట్టు చెక్కి తెచ్చాడు. గిటారు మెడ పైకొసన, తీగలు బిగించే బిరడాలకు పోయేముందు ఆనుకునే చిన్న ఎముక ముక్కనే నట్టు అంటారు. మర బిగించే నట్టుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దాని మీద ఆరు తీగలకీ ఆరు గాడులు ఉంటాయి. ఆకురాయి ఆ ముక్కని దీపం కింద అటూఇటూ తిప్పి చూసి, ముగ్గురు గిరాకీల ముందు తన టీ గ్లాసులో వేసి కలిపాడు.

"అదేంటి బావా!"

"పనికెలాగూ రాదు కదరా. తియ్యగానైనా ఉంటుందేమోనని."

గిరాకీలు నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకోటి వస్తుందని ఆ దుకాణంలో అందరికీ తెలుసు.

ఇంత నోరున్న మనిషికి చెవులు లేవు. చిన్నప్పుడు చీము కారి కారి రెండూ పోయాయి. లారీ హారను వినిపిస్తుంది, మనిషి వినిపించడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. గిటార్లు బాగుచేసేవాడికి చెవుడని బయటపడితే ఆ బల్ల దగ్గర ఆయన చేయి ఎంత బాగున్నా ఎవరిక్కావాలి? అందుకని దాన్ని దాచడమే ఆయన బతుకులో సగం పని అయిపోయింది.

చెవులు విననిది పళ్ళు వినేవి. గిటారు తలను రెండు వరసల మధ్య గట్టిగా కరిచి పట్టుకుని తీగ మీటితే, ఆ మోత దవడ ఎముకలోంచి నేరుగా తలలోకి ఎక్కేది. ఏ తీగ జీరపోతోందో, ఏది మెడ మీది మొదటి మెట్టుకు రాసుకుంటోందో చెవులున్నవాడికన్నా బాగా తెలిసేది. చూసినవాళ్ళు మొదట బిత్తరపోయేవారు. "ఆంప్లిఫయర్ అబద్ధాలాడుతుంది. కర్ర ఆడదు" అని గద్దించేవాడు. అంతే, అదొక విద్య అయిపోయింది. తన గిటారు మీద ఆకురాయి పంటిగాటు ఉందని చూపించుకుని తిరిగేవాళ్ళు కూడా తయారయ్యారు. జేబురుమాలు తీసి తుడుచుకునేవాళ్ళూ ఉన్నారు. "ఎంగిలి వెధవ" అని ఆయన వెనక గొణిగేవారు. వెనక ఏమనుకున్నా ఆయనకు ఇబ్బంది లేదు.

పని జరుగుతుంటే ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడాలంటే వచ్చి ఎదురుగా నిలబడాలి. ఇది ఆయన పెట్టిన రూలు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి పట్టేస్తాడు. అది జనానికి తపస్సులా కనిపించింది. ఎవడైనా కాస్త కసిరితే చాలు, జనానికి వాడిలో గొప్పతనం కనిపించడం మొదలవుతుంది. బావమరిది మాత్రం పిలిస్తే పలకకపోవడాన్ని పొగరనుకున్నాడు. పొగరుబోతుకు అదొక సుఖం. ఉన్న లోపాలన్నీ పొగరు కిందే చెల్లిపోతాయి.

పెదవులకు అందనివి భార్య అందించేది. పనిబల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరేమన్నా ఆయన వైపు తిరిగి మళ్ళీ అనేది. "రెండో తీగ పట్టేస్తోందటండీ." "సాయంత్రానికే కావాలటండీ." వచ్చినవాళ్ళకు అది వింతగా ఉండేది. ఆ వింత అనుమానంగా మారకముందే ఆకురాయి దాన్ని హాస్యంలోకి తిప్పేవాడు.

"మా ఆవిడకి సొంత మాట లేదండీ. దేవుడు నోరిచ్చాడు గానీ అందులో పెట్టడానికి ఏమీ ఇవ్వలేదు."

ఏళ్ళ తరబడి రోజూ ఏదో ఒక రకంగా ఇదే. ఆవిడ తలదించుకుని నవ్వేది. ఆయన బల్ల ఆ నవ్వు మీద నిలబడి ఉందని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున పాటలు పాడే అమ్మాయి ఒకతె గిటారు తీసుకోవడానికి వచ్చింది. కలుపుగోలు మనిషి. స్టూలు మీద కూర్చున్న ఆవిడ వంక చూసి, "ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్నారు కదక్కా, మీకూ పనొచ్చేసుంటుంది" అంది.

ఆవిడతో అంతకుముందు ఎవరూ అలాంటి మాట అనలేదు. మొహం కాస్త విచ్చుకుంది. "తీగ కాస్త బిగుతుగా ఉంటే నాకు తెలిసిపోతుందమ్మా. ఈయన కన్నా ముందే—"

ఆకురాయి ఆవిడ పెదవుల మీంచి ఆ మాట పట్టుకున్నాడు. "దానికి తెలియడమేంటమ్మా! దానికి వినడం రాదు, తిరిగి కూయడం వచ్చు. పంజరం లేని చిలక. గింజలు మాత్రం నేనే వేస్తున్నాను."

పాడే అమ్మాయి నవ్విందో లేదో గానీ, గల్లాబల్ల దగ్గర బావమరిది అలవాటు కొద్దీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. రెండు పెదవులూ ఒకదానిమీద ఒకటి వేసి, తలుపు మూసినట్టు మూసింది.

సరిగ్గా అప్పుడే మీసాలాయన వచ్చాడు. సాయంత్రాలు ఒక హోటల్లో వాయించే మనిషి. ఆయన మీసం పై పెదవిని దాటి కింది పెదవి మీద కూడా చూరులా వాలి ఉంటుంది. చేతిలో పాత ఎలక్ట్రిక్ గిటారు. రంగు ఊడి, ముంజేయి ఆనేచోట కర్ర బయటపడి ఉంది.

"మూడో తీగండీ," అన్నాడు ఎదురుగా నిలబడి. "వేలు పెట్టకుండా మీటితే జుర్రుమంటోంది. గాడి అరిగి తీగ కిందికి దిగిపోయింది. ఆ గాడి ఒక్కటి నింపి మళ్ళీ కొయ్యండి. నట్టు మాత్రం మార్చకండి. మా అన్నయ్య విరిగిపోయిన కత్తి పిడి ఎముకలోంచి తన చేత్తో చెక్కింది. గాడులు అటూఇటూ ఉంటాయి. నేను నేర్చుకుందే దాని మీద. నా వేళ్ళకి ఇంకోటి తెలియదు. మనిషి కూడా లేడిప్పుడు."

ఆకురాయికి మీసం కదలడం కనిపించింది. అంతకుమించి ఏమీ కనిపించలేదు. భార్య వైపు తిరిగాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కనుబొమ్మలెగరేశాడు. ఆవిడ చూసింది. చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

మళ్ళీ ఒకసారి చెప్పండి అంటే సరిపోయేది. మూడు ముక్కల మాట. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. గిటారు అందుకుని, తల కొరికి, మూడో తీగ మీటాడు. రోగం తెలిసింది. రోగం తెలిసినవాడికి రోగి మాటలతో పనేముంది?

"తెలిసిందిలెండి. రేపు రండి."

మీసాలాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నట్టు గాడి అరిగితే రెండు దారులు. గాడిలో ఎముక పొడి పోసి, జిగురుచుక్క వేసి, గట్టిపడ్డాక మళ్ళీ కోయడం ఒకటి. మొత్తం ఊడగొట్టి కొత్తది పెట్టడం రెండోది. ఆకురాయి దీపం దగ్గరకు లాగి పాత నట్టు చూశాడు. ఆరు గాడుల్లో ఏ రెండింటి మధ్యా ఎడం సమానంగా లేదు.

"ఏ గుడ్డి వెధవ చెక్కాడే దీన్ని!" అన్నాడు భార్యతో, సంతోషంగా. తనకన్నా హీనంగా పని చేసినవాడు దొరికితే ఆయనకు ఆ రోజు పండగ.

తీగలు వదులు చేశాడు. నట్టు చుట్టూ ఉన్న పాత వార్నిష్‌ని కత్తి మొనతో గీరాడు. చెక్క ముక్క ఆనించి సుత్తి ఎత్తాడు. ఆవిడ లేచింది. చెయ్యి పట్టుకోవచ్చు. భుజం తట్టవచ్చు. "వద్దన్నారండీ" అని పెదవులు కదిపితే చాలు. ఆవిడ టీ పెట్టడానికి వెనక్కి వెళ్ళింది.

నట్టు రెండు ముక్కలై ఊడింది. ఊడిన పాత నట్లని పటకారుతో నలిపి పొడి డబ్బాలో కలపడం ఆయన అలవాటు. ఇదీ అందులోకే పోయింది.

కొత్తది చెక్కడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆయన చేసిన పనుల్లో అంత బాగా కుదిరినది ఇంకోటి లేదేమో. ఎముకని గాజులా నునుపు చేశాడు. లావు తీగలకూ సన్న తీగలకూ తగ్గట్టు ఎడాలు గుర్తు పెట్టుకుని, ఒక్కో గాడికి ఒక్కో ఆకురాయి మార్చి, బిరడాల వైపు వాలుగా కోశాడు. తీగ గాడిలో ఇరుక్కోకుండా పెన్సిలు మొన అరగదీసి ఆ నల్లపొడి రాశాడు. ప్రతి తీగనీ మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టు మీద కాగితమంత సందు ఉందో లేదో చూశాడు. చివరికి తల కొరికి మీటాడు. ఆరు తీగలూ శుభ్రంగా, ఒకదాన్నొకటి రాసుకోకుండా మోగాయి. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే కరిచి పట్టుకున్నాడు. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి చూస్తూ నిలబడింది.

మర్నాడు మీసాలాయన వచ్చేసరికి దుకాణంలో ఊసుపోక కూర్చునే పాతవాళ్ళు ముగ్గురున్నారు. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని వాయించబోయాడు. వేళ్ళు ఒక తీగకని పోయి ఇంకో తీగ మీద పడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పడ్డాయి. ఇన్నేళ్ళు వాయించినవాడు పక్కింటి చెప్పులేసుకున్నవాడిలా తడబడ్డాడు. అప్పుడు తల వంచి నట్టు చూశాడు.

"ఇదేంటి? పాతదేది?"

ఆకురాయి మీసం వంక చూసి, మెచ్చుకున్నాడనుకుని, "మీరు పోయాక కూడా ఉంటుంది" అన్నాడు.

"నేను మార్చొద్దన్నాను కదయ్యా!"

"ఫర్లేదు, నా చేత్తో చేసిన పని."

పాతవాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీసాలాయన గొంతు పెంచాడు. గల్లాబల్ల దగ్గర్నుంచి బావమరిది వచ్చి మధ్యలో నిలబడ్డాడు. వాడికి మీసం లేదు. "బావా, ఆయన మార్చొద్దని చెప్పాట్ట కదా?"

"ఎవరికి చెప్పాడు? నాకెవరూ చెప్పలేదు."

"అక్క పక్కనే ఉంది కదా."

అందరూ స్టూలు వైపు తిరిగారు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"చెప్పారు," అంది. "అన్నీ చెప్పారు. మార్చొద్దన్నారు. వాళ్ళన్నయ్య చెక్కిందన్నారు. మనిషి కూడా లేడన్నారు."

ఆకురాయికి ఒళ్ళు మండిపోయింది. మండినప్పుడు మనిషి దాచుకున్నదే ముందు పారేస్తాడు.

"మరి నాకు తిరిగి చెప్పవేమే? అక్కడ కూర్చోబెట్టిందెందుకే నిన్ను, అందానికా?"

బావమరిది ముందు బావ మొహం చూశాడు, తర్వాత అక్క మొహం చూశాడు. ఇన్నేళ్ళు పిలిచినా పలకని పిలుపులన్నీ వాడికి ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. నెమ్మదిగా నడిచి ఆకురాయి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మామూలు గొంతుతో అన్నాడు.

"బావా, నీ చొక్కా అంటుకుంది."

ఆకురాయి భార్యనే చూస్తున్నాడు.

"బావా, నీ అంత నీచుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

పాతవాళ్ళలో ఒకడికి నవ్వాగక దగ్గొచ్చింది. రెండోవాడు లేచి వచ్చాడు. "ఆకురాయిగారూ, మీ పెళ్ళికి నేను తెచ్చిన గ్లాసులు తిరిగిచ్చేయండి." మూడోవాడు వాణ్ణి పక్కకి నెట్టి, "ఇన్నాళ్ళూ గిటారు కొరుకుతుంటే విద్యనుకున్నాన్రా. ఆకలనుకున్నా పోయేది" అన్నాడు. బావమరిది గోడకున్న గిటారొకటి తీసి, బావ చెవి పక్కన ఆరు తీగలూ కలిపి బరబరా లాగాడు. గాలి తగిలిందేమో, ఆకురాయి అప్పుడు తిరిగాడు. అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయి. అన్ని పెదవులు ఒకేసారి కదిలితే ఏదీ పట్టలేడు.

"ఏంటి? ఏమంటున్నారు?" అన్నాడు భార్యతో.

ఆవిడ చెప్పలేదు.

నవ్వనివాడు మీసాలాయన ఒక్కడే. "కనీసం పాత ముక్కలైనా ఇప్పించమ్మా" అన్నాడు. ఆవిడ పౌడరు డబ్బా చూపించింది. ఆయన అందులో వేలు ముంచి, తీసి, వేలికంటిన పొడి చూసుకున్నాడు. అందులో ఏది ఎవరి ఎముకో చెప్పగలవాడెవడు? ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చెవిటివాడి చేతికిచ్చాను. బుద్ధి లేనిది నాకు" అని, జేబురుమాలుతో గిటారు తల మీది తడి తుడిచి, ఆ రుమాలు గుమ్మంలోనే పారేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ దుకాణానికి గిటారు లేనివాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. వెనక నిలబడి తలా ఒక మాట అనేవారు. ఒకరిని మించి ఒకరు కొత్త తిట్టు ఆలోచించుకుని వచ్చేవారు. నిన్నటిదాకా పంటిగాటు చూపించుకుని తిరిగినవాళ్ళే వాళ్ళలో ముందున్నారు. ఆకురాయి పని ఆపి ఆపి వెనక్కి తిరిగి చూసేవాడు. అలా తిరిగి తిరిగి ఒకరోజు గాడిని రెండు రుద్దులు ఎక్కువ రుద్దేశాడు. ఆ ముక్కని బావమరిది దీపం కింద అటూఇటూ తిప్పి చూశాడు. టీ గ్లాసు కోసం వెతుక్కోలేదు. అంతకన్నా తెలివైనవాడు. "పోనీలే బావా, పెద్దవాడివయ్యావు" అన్నాడు, ప్రతి అక్షరం కనిపించేలా.

ఆ రోజు ఆకురాయి భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా నిలబడడం ఆయనకు కొత్త. ఎప్పుడూ వేరేవాళ్ళే ఆయన ఎదుటికి వచ్చేవారు.

"మీ నాన్న ఏమన్నాడో గుర్తుందా? చెయ్యి ఎవరిది బాగుంటే బల్ల వాళ్ళది. ఎవరిది బాగుంటుందో నువ్వే చెప్పు. మీ తమ్ముడి ముందే చెప్పు."

దుకాణంలో సగం ఆవిడది. ఆవిడ ఒక్క మాట అంటే తమ్ముడు నోరు మూసుకునేవాడు. ఆవిడ తొందరపడలేదు. ఆయన చూపు తన పెదవుల మీద కుదురుకునేదాకా ఆగింది.

"చెయ్యి మీదేనండీ బాగుంటుంది. ఇందులో వాదనేముంది? నేను మాత్రం ఆ స్టూలు మీద ఇంక కూర్చోను."

తమ్ముడు ఆ మధ్యాహ్నమే బల్ల దగ్గరికి మారాడు. వాడి పని ఒక మోస్తరు. గాడులు కాస్త వెడల్పుగా పోతాయి, తీగ ఒక్కోసారి 'టింగు'మని పట్టేస్తుంది. ఎవరూ పట్టించుకోలేదు. "ఇచ్చట గిటార్లు కొరకబడవు" అని గల్లాబల్ల మీద ఒక అట్ట రాసి పెట్టాడు. దాన్ని చూడ్డానికే కొందరు వచ్చేవారు.

ఆకురాయి బొత్తాలు తయారుచేసే షెడ్డులో కుదిరాడు. కొమ్ముల్నీ ఎముకల్నీ బిళ్ళలుగా కోసే మరలు అక్కడ ఆగకుండా తిరుగుతుంటాయి. అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, ఎవరి చెవుడు ఎవరికీ తెలియదు. బొత్తానికి నాలుగు కన్నాలు పొడిచి పక్కకి తోయడమే పని. ఎవరూ మీటి చూసేది కాదు. మొదట్లో ఒకటి రెండుసార్లు బొత్తాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నాడట. మేస్త్రీ చూసి నెత్తిన ఒకటిచ్చాడు.

ఇంట్లో ఆవిడ ఇప్పుడు బాగా మాట్లాడుతుంది. పొయ్యి వైపు తిరిగి, ఆయనకు వీపు పెట్టి మాట్లాడుతుంది. గొంతు తగ్గించదు. తమ్ముడు భోజనానికి వచ్చిన రోజున మరీ హుషారు.

"చూడరా ఆ నమలడం. ముసలి మేక అట్టపెట్టె నములుతున్నట్టు లేదూ? ఆ పళ్ళు ఎప్పుడూడతాయా అని చూస్తున్నానురా. అవీ ఊడితే ఇంక గోడకీ ఈయనకీ తేడా ఉండదు."

తమ్ముడికి పొలమారుతుంది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వుతాడు.

"ఏంట్రా?" అంటాడు ఆకురాయి.

"ఏం లేదు బావా. అక్క నీ పనితనం గురించి చెప్తోంది."

ఆకురాయి నమలడం ఆపి, వాడి మొహం చూసి, ఆవిడ వీపు చూసి, తనూ నవ్వుతాడు.